ముందు మే నెలలో రా

అమ్మడూ,

నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి నాకు అదే ధ్యాస. ముత్తుకూరులో ఫిషరీస్ చదువుతున్న నా మనవరాలు ప్రాజెక్టు కోసం మన గోదావరిని, అందులోనూ పులస చేపని ఎంచుకుందని రేవులో కనిపించిన వాళ్ళందరికీ చెప్పేశాను. జులైలో ఎర్రనీళ్ళు రాగానే దిగిపోతానన్నావు. తప్పకుండా దిగు. కానీ దానికంటే ముందు మే నెలలో ఒక వారం రా. ఎందుకో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

చేప దారి తెలియాలంటే నీళ్ళ దారి తెలియాలి. నీళ్ళ దారి తెలియాలంటే నీళ్ళు తీసేసిన ఏరు చూడాలి. జులైలో గట్టు మీద నిలబడితే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒకటే ఎర్రటి నీళ్ళు. ఎక్కడ లోతో, ఎక్కడ మెరకో ఏమీ తెలియదు. అదే మేలో అయితే అడుగంతా విప్పి పరిచినట్టు కనిపిస్తుంది.

మొదట సిద్ధాంతం వంతెన కిందికి తీసుకెళ్తాను. నీళ్ళు తగ్గి ఇసుక తేలిన చోట ఒక స్తంభం దగ్గర కూర్చో. ఎగువ వైపు, రెండు పక్కలా ఇసుక తోడేసి గొయ్యిలా ఉంటుంది. దిగువ వైపు మాత్రం అదే ఇసుక తోకలా సాగి ఉంటుంది. వరదలో వచ్చిన నీళ్ళు స్తంభానికి కొట్టుకుని, కిందికి దిగి, సుడి తిరుగుతూ అడుగు తవ్వేస్తాయి. స్తంభం చాటున జోరు చచ్చిపోతుంది, మోసుకొచ్చిన ఇసుకను అక్కడ వదిలేస్తాయి. ఆ గొయ్యిలో చెయ్యి పెట్టి చూడు. పైన సన్న ఇసుక, అడుగున ముతక ఇసుక తగులుతుంది. ముతకది వరద జోరు మీదున్నప్పటిది, సన్నది వరద తీసేటప్పుడు దిగినది. ఎదురీదే చేప అలుపు తీర్చుకునేది కూడా ఆ చాటులోనే. ఈ ఒక్క స్తంభం నీకు బోధపడితే మిగతా ఏరంతా బోధపడ్డట్టే.

తర్వాత మన ఊరి వంపు. బయటి ఒడ్డు నిట్టనిలువుగా కోసేసి ఉంటుంది, లోపలి ఒడ్డున ఇసుక తిన్నె. నీళ్ళు వంపు తిరిగేటప్పుడు పైనున్న జోరు నీళ్ళు బయటి ఒడ్డుకి కొట్టుకుని కిందికి దిగుతాయి, అడుగు నీళ్ళు ఇసుకను లోపలి ఒడ్డు వైపు లాక్కెళ్తాయి. తాడు పురి తిప్పినట్టు నీళ్ళు మెలిక తిరుగుతూ పోతాయన్నమాట. అందుకే ఏటా బయట కోత, లోపల మేట. బయటి ఒడ్డు కిందే మడుగు. మీ ముత్తాత వల దించింది ఆ మడుగు అంచునే.

నేను ఇరిగేషన్‌లో 31 ఏళ్ళు లస్కరుగా, అంటే కాలవలూ గట్లూ చూసుకునే పనివాడిగా చేశాను, ఎన్నో వరదలకి రాత్రిళ్ళు ఏటిగట్టు మీద కాపలా కాశాను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన రాత్రి కూడా గట్టు మీదే ఉన్నాను. అప్పుడు నేర్చుకున్న పాఠం ఒకటి రాసిపెట్టుకో. ఒడ్డు ఎక్కువగా కూలేది వరద పెరిగేటప్పుడు కాదు, తీసేటప్పుడు. నిండుగా ఉన్నంతసేపూ నీళ్ళే ఒడ్డుని నెట్టి పట్టుకుంటాయి. నీళ్ళు గబగబా దిగిపోతే, లోపల నానిపోయిన మట్టికి ఆ ఊతం పోతుంది. ముందు ఒడ్డుకి నాలుగైదు అడుగుల ఇవతల జుట్టంత సన్నటి బీట పడుతుంది. మర్నాటికి అందులో వేలు పడుతుంది. ఆ రాత్రికి ధభీమని పెద్ద చప్పుడు. మన లంకలో, అంటే ఏటి మధ్య దిబ్బలో, చిన్నతాతయ్య కొబ్బరి చెట్లు నలభై పైచిలుకు అలాగే పోయాయి, అదీ వరద తగ్గిందని అందరం ఊపిరి పీల్చుకున్న వారంలోనే. నువ్వు సెప్టెంబరులో ఒడ్డు కొలవడానికి వస్తావు కాబట్టి చెబుతున్నాను, బీట కనిపిస్తే దాని ఇవతలే ఉండు. కొలత కోసం ఒక్క అడుగు కూడా అవతలికి వెయ్యొద్దు.

ఇక పులస. సముద్రంలో ఉన్నప్పుడు అది ఇలస. గుడ్లు పెట్టడానికి మంచినీళ్ళు కావాలి కాబట్టి ఏట్లోకి ఎక్కుతుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నుంచి కొత్తనీళ్ళు దిగి, అంతర్వేది దగ్గరా యానాం దగ్గరా సముద్రంలో కలిసినప్పుడు దానికి కబురు అందుతుంది. ప్రవాహానికి ఎదురు తిరిగి నిలబడటం చేప స్వభావం. కానీ ఎదురీత అంటే నట్టేట జోరు మీదికి పోవడం అనుకోకు. అలాపోతే దాని ఒంట్లో కొవ్వంతా నాలుగు రోజుల్లో కరిగిపోతుంది. ఎక్కడ జోరు తక్కువో అది వెతుక్కుంటుంది.

ఆ చోటు నీ కంటికి ఎలా తెలుస్తుంది? నురుగు చూడు. జోరు నీళ్ళూ నిదానం నీళ్ళూ ఒరుసుకునే చోట నురుగు, గడ్డిపరకలు, పుల్లలు ఒక గీతలా సాగిపోతుంటాయి. ఆ గీతకి ఒడ్డు వైపు ఉన్న నీళ్ళు నిదానం. మా నాన్న పడవలో కూర్చుని ఆ గీతనే చూసేవాడు, చేప కోసం చూసేవాడు కాదు. గీత జరిగితే వల జరిపేవాడు.

వేగం కొలవడానికి మీ కాలేజీ వాళ్ళు మీటరు ఇస్తారేమో. ఇచ్చినా సరే, నా పద్ధతి కూడా చెయ్యి. ఒడ్డున 20 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతు. ముప్పావు వంతు నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసా వదిలి, ఒక కర్ర నుంచి ఇంకో కర్రకి ఎన్ని సెకన్లు పట్టిందో చూడు. గుర్రపుడెక్కని చూసి లెక్క కట్టకు, దాని ఆకులకు గాలి తగిలి తెరచాపలా పోతుంది, మోసం చేస్తుంది. వచ్చిన వేగాన్ని 0.85తో హెచ్చిస్తే పైనా కిందా కలిపి సగటు సుమారుగా వస్తుంది. గీతకి అటొకసారి, ఇటొకసారి కొలువు. ఆ తేడానే నీ ప్రాజెక్టుకి ప్రాణం. ప్రతిరోజూ ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారో పేపర్లో వస్తుంది, అది రాసుకుంటే సరిపోదు. అవే నీళ్ళు ఇరుకులో ఒక వేగంతో, వెడల్పులో ఇంకో వేగంతో పోతాయి. చేపకి తగిలేది వేగం.

బ్యారేజీ దగ్గరికి కూడా వెళ్ళు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలూ కలిపి 175 గేట్లు. నీళ్ళు తక్కువ వచ్చి గేట్లు కొంచెమే ఎత్తినప్పుడు కింద నుంచి నీళ్ళు దూసుకొస్తాయి, ఆ జోరుకి చేప ఎదురు వెళ్ళలేదు, గేట్ల దిగువనే తిరుగుతుంది. పెద్ద వరదకి గేట్లన్నీ పూర్తిగా ఎత్తేస్తే ఎగువ నీటికీ దిగువ నీటికీ ఎత్తు తేడా బాగా తగ్గిపోతుంది, అప్పుడే దారి. అందుకని గేట్లు ఏ రోజు ఎంత ఎత్తారో రాసుకో. పోలవరం డ్యాములో వరద నీళ్ళు వదిలే స్పిల్‌వేలో చేపలు ఎక్కడానికి ఫిష్ ల్యాడర్ కట్టారు, నాకు చాలా సంతోషం. కానీ ధవళేశ్వరం దాటిన చేపే కదా అక్కడికి చేరేది! పైగా అంత పెద్ద స్పిల్‌వే హోరులో ఆ చిన్న దారి నుంచి వచ్చే నీళ్ళ ఒరవడి చేపకి తెలియాలి. దాని దిగువన నీళ్ళు ఎటు తిరుగుతున్నాయో కొలిచే అవకాశం దొరికితే వదులుకోకు. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక, అంతకుముందు అలహాబాదు దాకా ఎక్కిన ఇదే చేప అటు దాదాపు కనుమరుగైంది. మనకి ఆ గతి పట్టకూడదు.

ఇంకొకటి, నాకు మనసులో బాగా గుచ్చుకునేది. మేలో నడిచేటప్పుడు ఇసుక తవ్విన గోతులు కనిపిస్తాయి. వరదకి అవి పూడిపోతాయిలే అంటారు. పూడతాయి నిజమే, కానీ ఆ ఇసుక ఎగువ నుంచీ పక్క ఒడ్డు నుంచీ జారి వస్తుంది. గొయ్యి ఒకచోట, కోత మరొకచోట. లంకల చాటున నిదానం నీళ్ళల్లోనే పిల్ల చేపలు పెరిగి సముద్రానికి దిగుతాయి, ఆ చాటే చెదిరిపోతోంది. ఏ గొయ్యి ఎక్కడ ఉందో మేలో మ్యాపు గీసుకో, అక్టోబరులో మళ్ళీ గీయి. వరదలో ఆ గోతులు కనపడవు, మనుషులు అందులోనే పోతున్నారు. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కితే నేను ఒప్పుకోను. మీ అమ్మకి కూడా ఈ మాట ఇచ్చాను.

వెదురు గడకి పది సెంటీమీటర్లకొక గీత చొప్పున ఎర్రరంగు వేసి పెట్టాను, లోతుకి పనికొస్తుంది. పడవ మాట్లాడాను. టికెట్ బుక్ చేసుకునే ముందు క్యాలెండర్ చూడు. కిందికి వెళ్ళేకొద్దీ సముద్రం పోటు ఏట్లోకి ఎక్కుతుంది, కాబట్టి అమావాస్యకి రెండు రోజులు అటూ ఇటూ ఉండేట్టు వస్తే పాటుకి నీళ్ళు బాగా వెనక్కి తీస్తాయి, తిన్నెలు పూర్తిగా బయటపడతాయి. పాత చెప్పులు తెచ్చుకో, ఇసుక కాలిపోతుంటుంది.

నీ తాతయ్య