గుండె మార్పిడి యూనిట్‌లో చేరుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వచ్చే నెల యూనిట్‌లో చేరుతున్నానని రాశావు. కుట్లు వేయడం నీకు వచ్చు, దాని గురించి ఎక్కువ చెప్పను. చేరేలోగా 1967 డిసెంబరు తర్వాతి పదమూడేళ్ల కేసులు ఓపిగ్గా చదువు. ఈ పనిలో మనుషులు ఎక్కడ చేజారిపోతారో అవి చెబుతాయి.

ఆ డిసెంబరు 3న కేప్‌టౌన్‌లోని గ్రూట్ షూర్ ఆసుపత్రిలో క్రిస్టియాన్ బర్నార్డ్ గారు లూయీ వాష్కాన్‌స్కీకి గుండె మార్చారు. కొత్త గుండె బాగానే పనిచేసింది. తర్వాత ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో మచ్చలు కనబడ్డాయి. శరీరం గుండెను తిరస్కరిస్తోందేమోనని ఇమ్యూనిటీని అణిచే మందులు పెంచారు. తీరా అది న్యుమోనియా. 18 రోజులకు మనిషి పోయాడు. రేపు నీ వార్డులోనూ ఇదే చిక్కు వస్తుంది. ఆయాసం, నీరసం, ఎక్స్‌రేలో మచ్చ తిరస్కరణలోనూ ఉండొచ్చు, ఇన్‌ఫెక్షన్‌లోనూ ఉండొచ్చు. తిరస్కరణ అయితే ఇమ్యూనిటీని అణిచే స్టెరాయిడ్ పెంచాలి, ఇన్‌ఫెక్షన్ అయితే తగ్గించాలి. ఊహ మీద మందు మార్చకు.

అప్పటివాళ్లకు ఈసీజీలో వోల్టేజి పడిపోవడం, స్టెతస్కోపులో గ్యాలప్ అనే అదనపు గుండె చప్పుడు వినబడటం తప్ప పెద్దగా ఆధారం లేదు. అవి తేలేసరికి గుండె సగం దెబ్బతినేది. 1968లో ప్రపంచమంతా కలిపి వందకు పైగా ఆపరేషన్లు చేశారు. ముంబయి కెఇఎం ఆసుపత్రిలో పి.కె. సేన్ గారు చేసిందీ ఆ ఏడాదే. ఎక్కువమంది కొన్ని నెలలైనా బతకలేదు, చాలా ఆసుపత్రులు మానుకున్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో నార్మన్ షంవే బృందం మాత్రం వదల్లేదు. అక్కడే 1973లో ఫిలిప్ కేవ్స్ గారు మెడ సిర గుండా గుండె ముక్క తీసి చూసే పద్ధతి తెచ్చారు. నా లెక్కన ఈ రంగాన్ని నిలబెట్టింది ఆ చిన్న పరికరమే.

కాబట్టి బయాప్సీ, అంటే ఆ ముక్క తీసి చూడటం, బాగా నేర్చుకో. మెడలోని కుడి జుగులార్ సిర నుంచి కుడి జఠరికలోకి (గుండె కింది గది) వెళ్లాక, ముక్క కొరికే పరికరం బయోప్టోమ్ మూతి సెప్టమ్ (రెండు జఠరికల మధ్య గోడ) వైపు తిరగాలి. బయటి గోడ పలచన, కొరికితే చిల్లు పడి గుండె చుట్టూ రక్తం చేరుతుంది. బీపీ పడి మెడ సిరలు ఉబ్బితే వెంటనే ఎకో పెట్టు. పరికరాన్ని లోపలికి పంపే గొట్టం, షీత్, పొడవాటిది వాడు, లేకపోతే దారిలోని ట్రైకస్పిడ్ కవాటం తీగలు తెగొచ్చు. తిరస్కరణ మచ్చలు మచ్చలుగా ఉంటుంది కనుక వేర్వేరు చోట్ల కనీసం 3, వీలైతే 5 ముక్కలు తియ్యి. ముక్కను నిల్వచేసే ఫార్మలిన్ ద్రవం గది వేడిలోనే ఉండాలి. చల్లటిదైతే కండరం ముడుచుకుని స్లైడు తప్పుదారి పట్టిస్తుంది.

ఆపరేషన్‌కు ముందు నువ్వు స్వయంగా వేయాల్సిన లెక్క ఒకటుంది, గ్రహీత ఊపిరితిత్తుల రక్తనాళాల నిరోధం. పల్మనరీ ధమని సగటు పీడనంలోంచి వెడ్జ్ పీడనం (గుండె ఎడమవైపు పీడనానికి గుర్తు) తీసేసి, కార్డియాక్ అవుట్‌పుట్‌తో (నిమిషానికి గుండె పంపే రక్తం, లీటర్లలో) భాగించు. 45, 25, 4 అయితే 5 వుడ్ యూనిట్లు. అక్కడికి వచ్చిందంటే రక్తనాళాలను వదులుచేసే మిల్రినోనో నైట్రోప్రుసైడో ఇచ్చి, బీపీ పడకుండా అంకె దిగుతుందేమో చూడాలి. దాత కుడి జఠరికకు తక్కువ పీడనమే అలవాటు. ఎత్తు పీడనం ఎదురైతే బల్ల మీదే ఉబ్బి ఆగిపోతుంది.

చల్లార్చిన గుండెకు గడువు సుమారు 4 గంటలు. దాత అయోర్టాకు (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) క్లాంప్ పడ్డ క్షణం నుంచి గ్రహీతకు క్లాంప్ తీసేదాకా లెక్క. 2021 ఫిబ్రవరిలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రోలో గుండెను తీసుకెళ్లింది అందుకే. మంచు గుండెకు నేరుగా తగలనివ్వకు, సంచిలో సంచి పెట్టి ద్రవంలోనే ఉంచాలి.

బ్రెయిన్ డెత్ నిర్ధారణ గదిలోకి నువ్వు వెళ్లొద్దు. మన 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి, మార్పిడి బృందంవాళ్లు అందులో ఉండకూడదు. ఆ కుటుంబంతో మాట్లాడేదీ మనం కాదు. ఆ చట్టం వచ్చాకే అదే ఏడాది ఆగస్టు 3న ఎయిమ్స్‌లో మన రాజమండ్రివారు వేణుగోపాల్ గారు దేశంలో తొలి విజయవంతమైన మార్పిడి చేశారు.

కొత్త గుండెకు నరాలు తెగి ఉంటాయి. నాడి తగ్గితే, నరాల ద్వారా పనిచేసే అట్రోపిన్ పనిచేయదు. గుండె మీద నేరుగా పనిచేసే ఐసోప్రినలిన్, పేసింగ్ తీగలు సిద్ధంగా ఉంచు. గుండెకు రక్తమిచ్చే కరోనరీ నాళాలు మూసుకుపోతున్నా ఛాతీనొప్పి రాకపోవచ్చు. బర్నార్డ్ రెండో పేషెంటు ఫిలిప్ బ్లైబర్గ్ 19 నెలలు బతికాడు. పోయాక చూస్తే కరోనరీలు బాగా పూడిపోయి ఉన్నాయి. నొప్పి లేదన్నాడని యాంజియోగ్రామ్ వాయిదా వేయకు.

1980 చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో తిరస్కరణను ఆపే సైక్లోస్పోరిన్ మందు వాడటం మొదలయ్యాక రోజులు మారాయి. కానీ మన దగ్గర దానికి పెద్ద గండం టీబీ మందు. బయట ఎవరో టీబీకి రిఫాంపిసిన్ రాస్తే రక్తంలో సైక్లోస్పోరిన్, అలాంటిదే అయిన టాక్రోలిమస్ స్థాయి కొద్దిరోజుల్లో పడిపోతుంది, తిరస్కరణ తన్నుకొస్తుంది. ఫంగస్ మందు కీటోకొనజోల్ ఉల్టా, స్థాయి పెంచి కిడ్నీ దెబ్బతీస్తుంది. పంపరపనస కూడా అంతే. డిశ్చార్జి రోజున ఈ మూడు పేర్లూ తెలుగులో పెద్దక్షరాలతో రాసి, ఇంట్లో మందులిచ్చే మనిషి చేతికే ఇవ్వు. మన ఫోన్ నంబరు ఆ కాగితం మీదే ఉండాలి.

చేరగానే పాథాలజీ డాక్టర్ గారిని అడిగి పాత స్లైడ్లు చూడటం మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
పెదనాన్న