చైనా కుటుంబాల్లో పిల్లలు నలుగురితో మెలగడం అమ్మని చూసి నేర్చుకుంటారా, నాన్నని చూసా?

మేం 2016 నుంచి 2019 దాకా షెన్‌జెన్‌లో ఉన్నాం, మా ఆయన ఉద్యోగం అక్కడే, పాప చిన్నది, సాయంత్రమైతే నేను కింద పిల్లలాడుకునే చోటే ఉండేదాన్ని, అందుకే కళ్ళారా చూసిందే చెప్తున్నా.

నాన్న కఠినం, అమ్మ దయ అని చైనీస్‌లో పాత మాట ఉంది, 'యెన్ ఫూ త్సీ మూ' అంటారు. మా అపార్ట్‌మెంట్లలో మాత్రం చాలా ఇళ్ళల్లో అది తిరగబడింది. హోంవర్కు, టీచర్ల విచాట్ (అక్కడి వాట్సాప్ లాంటిది) గ్రూపు, డాన్స్ క్లాసు అన్నీ అమ్మ నెత్తినే, పాపం ఆఫీసు నుంచొచ్చి తొమ్మిదింటి దాకా అరుస్తూనే ఉంటుంది, నాన్న ఎప్పుడో రాత్రికి వస్తాడు. ఇలాంటి పెంపకానికి అక్కడి ఆడవాళ్ళు ఆన్‌లైన్‌లో వాడే మాటకి అర్థం ఏంటో తెలుసా, 'మొగుడు పోయినావిడ పెంపకం' అని. విన్నప్పుడు నాకు గుండె కలుక్కుమంది.

ఇంకోటి, ఆ తల్లిదండ్రుల్లో చాలామంది ఒక్క బిడ్డ రూల్ ఉన్నప్పుడు పుట్టినవాళ్ళే, తోబుట్టువులు లేరు, కాబట్టి వాళ్ళ పిల్లలకి బాబాయిలు, మేనత్తలు, వాళ్ళ పిల్లలు ఎవరూ ఉండరు. మన దగ్గర సెలవులకి అమ్మమ్మ ఊరెళ్తే పదిమంది పిల్లలతో కొట్టుకుని కలిసిపోయి సగం నేర్చేసుకుంటాం, అక్కడ ఆ నేర్పేదంతా అమ్మానాన్నలే, లేదంటే ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ.

మా పాప కట్టిన ఇసుక గూడుని ఒకసారి 14వ అంతస్తు పిల్లాడు తన్నేశాడు. వాళ్ళ నాన్న ఫోన్ చూస్తూనే "సారీ చెప్పు" అని గద్దించాడు, వాడు నేల చూస్తూ 'త్వెయ్ బు ఛీ' అన్నాడు, మర్నాడు నాన్న లేనప్పుడు మళ్ళీ తన్నాడు. కొన్నాళ్ళకి మా ఎదురింటి బాబూ అదే పని చేశాడు. వాళ్ళ నాయనమ్మ పోనీలే మగపిల్లాడు అంటోంది గానీ, నాన్న ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగెత్తుకొచ్చి వాడి పక్కన గొంతుక్కూర్చుని "ఆ పాప ఎందుకు ఏడుస్తోంది?" అని అడిగి ఊరుకున్నాడు. అరవలేదు, తొందరపెట్టలేదు. రెండు మూడు నిమిషాలు వాడు ఉలకలేదు పలకలేదు, ఆ తర్వాత "వాళ్ళమ్మకి చూపిద్దామని కట్టుకుంది" అన్నాడు మెల్లగా, అని వాడంతట వాడే బకెట్ తీసుకుని తడి ఇసుక తెచ్చాడు.

నా ఉద్దేశంలో నాన్నా అమ్మా అని కాదు, ఎదుటివాళ్ళ బాధ గురించి పిల్లల్ని అడిగేదెవరు అన్నదే. కాకపోతే అమ్మ అడిగితే రోజూ ఉండేదే అనుకుంటారు, అక్కడ నాన్న ఆగి అడగడం అరుదు కాబట్టి పిల్లాడి మనసులో గట్టిగా నాటుకుంటుంది.

ఆ ఎదురింటి బాబు వాళ్ళ నాన్నని ఒకసారి అడిగాను ఇదెక్కడ నేర్చుకున్నారని. చిన్నప్పుడు వాళ్ళ నాన్న షెన్‌జెన్ పక్కనున్న తుంగ్వాన్ నగరంలో ఫ్యాక్టరీ పనికి వెళ్ళి ఏడాదికోసారి కొత్త సంవత్సరం పండక్కే ఇంటికొచ్చేవాడట, ఈయన హునాన్ రాష్ట్రంలో నాయనమ్మ దగ్గర పెరిగాడు. "నన్నెవరూ అడగలేదు, అందుకే వాడిని అడుగుతాను" అన్నాడు.