సీజన్ ముగిశాక షార్ట్ ట్రాక్ పుకార్లలో దేన్ని నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీరు హైదరాబాద్‌లో ఉంటూ అమెరికాలో షార్ట్ ట్రాకుల మీద, అంటే మైలు కంటే చిన్న ట్రాకుల మీద, జరిగే లేట్ మోడల్ స్టాక్ కార్ రేసులు ఆదివారం తెల్లవారుజామున లేచి ఆన్‌లైన్‌లో చూస్తున్నారు. నవంబరు వచ్చేసరికి రేసులు తగ్గి పుకార్లు పెరిగాయి. ఎవరు ఏ జట్టుకు వెళుతున్నారు, ఏ ట్రాక్ మూతపడుతోంది అన్న మాటల్లో దేన్ని నమ్మాలో తెలియడం లేదు. పనిలో పనిగా, మార్చిలో షార్లెట్‌లో ఉన్న మీ అక్కగారింటికి వస్తున్నారు కాబట్టి ఏ ట్రాక్‌కు వెళ్లాలో కూడా చెప్పమన్నారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఎవరేం మాట్లాడుతున్నారో పట్టించుకోకండి. ఎవరేం అమ్ముతున్నారో, ఎవరేం కొంటున్నారో చూడండి.

నేను నార్త్ కరోలినాలోని కాంకర్డ్‌లో ఉంటాను. ఉద్యోగం షార్లెట్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాయడం. చలికాలంలో వారాంతాలు తెలిసినవారి షెడ్డులో గడుస్తాయి. వాళ్లది ఒకే కారున్న చిన్న లేట్ మోడల్ జట్టు. సీజన్ అయ్యాక కారును చివరి బోల్టు దాకా విప్పి, షాక్ అబ్జార్బర్లను పరీక్షకు పంపి, ఫ్రేమును గీకి, పగుళ్లు వెతికి మళ్లీ బిగిస్తారు. నాకు అప్పగించే పని ఎక్కువగా కడగడం, తుడవడం, బోల్టులను సైజుల వారీగా డబ్బాల్లో వేయడం. చేతులకే పని, చెవులకు కాదు. అందువల్ల ఈ ప్రాంతపు గుసగుసల్లో చాలా భాగం నా దగ్గరికి నడిచి వస్తుంది.

అసలు విరామం మీరనుకున్నంత పెద్దది కాదు. నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ వారాంతంలో కెన్లీలోని సదరన్ నేషనల్ ట్రాక్‌లో పెద్ద రేసు ఉంటుంది. డిసెంబరు మొదటి వారాంతంలో ఫ్లోరిడాలోని పెన్సకోలాలో స్నోబాల్ డెర్బీ. 1968 నుంచి నడుస్తున్న ఈ సూపర్ లేట్ మోడల్ (ఇంకా శక్తివంతమైన కార్ల) రేసుకు దేశం నలుమూలల నుంచీ వస్తారు. ఫిబ్రవరిలో మళ్లీ ఫ్లోరిడాలోనే, న్యూ స్మర్నా ట్రాక్‌లో వరుసగా రాత్రుళ్లు రేసులు. ఈ రెంటి నడుమ మిగిలేది రెండు నెలలు. డిసెంబరులో ఇండియానాపొలిస్‌లో జరిగే పీఆర్ఐ వాణిజ్య ప్రదర్శనకు విడిభాగాలు చేసేవాళ్లు, ఇంజిన్లు కట్టేవాళ్లు, ట్రాక్ యజమానులు అందరూ ఒకే కప్పు కింద చేరతారు. జనవరిలో వినిపించే కథల్లో సగం అక్కడ పుట్టినవే.

స్నోబాల్ డెర్బీ గురించి ఒక జాగ్రత్త. గెలిచిన కారుకు జెండా ఊపినంత మాత్రాన ఫలితం తేలినట్టు కాదు. రేసు తర్వాత తనిఖీ గదిలో గంటల తరబడి కారును విప్పి చూస్తారు. 2013లో ముందుగా గీత దాటిన ఛేజ్ ఇలియట్ కారులో నిబంధనలు ఒప్పుకోని టంగ్‌స్టన్ ముక్క దొరికింది. విజయం ఎరిక్ జోన్స్‌కు వెళ్లింది. 2021లో డెరెక్ థోర్న్‌ను అనర్హుడిగా తేల్చి ఛాండ్లర్ స్మిత్‌కు ట్రోఫీ ఇచ్చారు. కాబట్టి ఆ రాత్రి అభినందనలు చెప్పేముందు సోమవారం దాకా ఆగడం మంచిది.

ఇక డ్రైవర్ల సంగతి. 'మా రెండో కారుకు డ్రైవర్‌ను వెతుకుతున్నాం' అనే ప్రకటన కనబడగానే జనం పేర్లు ఊహించడం మొదలుపెడతారు. ఈ స్థాయిలో జీతం తీసుకుని కారు నడిపేవాళ్లు అరుదు. ఎక్కువగా డ్రైవర్ కుటుంబమో, వాళ్లు తెచ్చిన స్పాన్సరో జట్టుకు డబ్బు కడతారు. ఒక్కో రేసుకు వేల డాలర్లు. ఆ ప్రకటన ఉద్యోగ ప్రకటన కాదు, గేటుకు తగిలించిన టు-లెట్ బోర్డు. కాబట్టి 'ఫలానా ప్రతిభావంతుడిని తీసుకుంటారట' అన్న పుకారు వింటే నేను అడిగే మొదటి ప్రశ్న: ఎవరి డబ్బుతో?

దీనికి మినహాయింపులు లేకపోలేదు. జోష్ బెర్రీ కథ మీకు తెలిసే ఉంటుంది. టెనెసీలో బ్యాంకు కౌంటరులో పనిచేస్తూ, ఐరేసింగ్ అనే కంప్యూటర్ ఆటలో జట్టు యజమాని, ఒకప్పటి నాస్కార్ (అమెరికాలో స్టాక్ కార్ రేసులు నడిపే పెద్ద సంస్థ) స్టార్ డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్‌కు పరిచయమయ్యాడు. 2010లో ఆయన లేట్ మోడల్ కారు ఎక్కాడు. (బ్యాంకు జీతం మీద బతుకుతున్నవాడిగా నాకు ఈ మనిషి పట్ల పక్షపాతం ఉంది, దాచను.) 2017లో లేట్ మోడళ్ల సిరీస్ అయిన కార్స్ టూర్ టైటిల్, 2019లో మార్టిన్స్‌విల్‌లో ఏడాదికొకసారి జరిగే పెద్ద రేసు, 2020లో నాస్కార్ వారపు రేసుల జాతీయ టైటిల్. ఇన్ని గెలిచినా పై మెట్టు ఎక్కడానికి కావలసిన డబ్బు అతని వెనుక లేదు. 2021లో అదే యజమాని నుంచి నాస్కార్ రెండో మెట్టు అయిన ఎక్స్‌ఫినిటీ సిరీస్‌లో కొన్ని రేసులకు మాత్రమే సీటు దొరికింది. ఆ ఏప్రిల్‌లోనే మార్టిన్స్‌విల్‌లో గెలిచాడు. 2025 మార్చిలో వుడ్ బ్రదర్స్ జట్టు కారులో లాస్ వేగస్‌లో కప్ (నాస్కార్ పై మెట్టు) రేసు గెలిచేనాటికి వయసు 34. వర్జీనియాకు చెందిన బ్రెండన్ క్వీన్, అందరూ బటర్‌బీన్ అని పిలిచే అతను, 2024లో కార్స్ టూర్, 2025లో నాస్కార్ కింది మెట్టు సిరీస్ అయిన ఆర్కా టైటిల్ గెలిచాడు. ఇలాంటి ఒకరిద్దరి పేర్లు చూపించి ప్రతి చలికాలం పదిమంది గురించి కథలు అల్లుతారు. వాటిలో ఎక్కువ భాగం ఏప్రిల్ నాటికి ఎవరికీ గుర్తుండవు.

నాకు బాగా నచ్చే భాగం అమ్మకాల ప్రకటనలు. వాటిని చదవడం ఒక విద్య. ఇంజిన్ లేకుండా చక్రాల మీద దొర్లే కారును రోలర్ అంటారు. ఒక జట్టు రోలర్‌ను అమ్మకానికి పెట్టిందంటే కంగారు పడనక్కర్లేదు. బహుశా కొత్త ఛాసిస్ (కారు చట్రం) వస్తోంది, పాతదాన్ని వదిలించుకుంటున్నారు. షాక్ అబ్జార్బర్లు, ఇంజిన్ కలిపి పెడితే కాస్త ఆలోచించాలి. ట్రైలరు, పిట్‌లోకి (ట్రాక్ దగ్గర జట్లు కార్లను సిద్ధం చేసే చోటికి) తోసుకెళ్లే పనిముట్ల బండి, విడి గేర్లు, రేడియోలు, కారు ఒక్కో చక్రం మీద ఎంత బరువు పడుతోందో తూచే స్కేళ్లు, అన్నీ ఒకే ప్రకటనలో కనబడితే ఆ జట్టు కథ ముగిసినట్టే. స్కేళ్లు అమ్మినవాడు తిరిగి రాడని మా షెడ్డు పెద్దాయన నమ్మకం. ఇంతవరకు ఆయన మాట తప్పడం నేను చూడలేదు.

ఒక డ్రైవర్ సీజన్ చివరి రేసు తర్వాత మైకు పట్టుకుని, పిల్లలతో గడపాలని ఉంది, ఇక చాలు అని కళ్లు తుడుచుకుంటూ సెలవు చెప్పాడు. స్టాండ్స్ అంతా లేచి చప్పట్లు. వారం తిరక్కుండా ప్రకటన వచ్చింది: రోలర్ మాత్రమే, షాక్ అబ్జార్బర్లు లేవు. మా షెడ్డులో ఎవరూ ఆ కన్నీళ్ల గురించి మాట్లాడలేదు. మార్చిలో అతను కొత్త ఛాసిస్‌తో ప్రాక్టీసుకు వచ్చాడు. దీనికి పూర్తిగా తిరగబడిన కథ కూడా ఉంది. 'వచ్చే ఏడాది మాదే' అని రంగుల బొమ్మలతో రోజుకొక పోస్టు పెట్టిన ఒక జట్టు ట్రైలరు, రెండు రాష్ట్రాల అవతల, బావమరిది ఫోను నంబరుతో అమ్మకానికి కనబడింది. ఆ జట్టు మరి రాలేదు.

నియమాల మార్పు గురించిన పుకార్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. లేట్ మోడల్ స్టాక్ కార్లలో కొందరు షెవర్లే 604 అనే ఫ్యాక్టరీ ఇంజిన్ వాడతారు. దాని సామర్థ్యం 400 హార్స్‌పవర్. విప్పకుండా ఫ్యాక్టరీలోనే సీలు వేసి ఇస్తారు. ఫోర్డ్ వాళ్లకు వేరే ఇంజిన్, మరికొందరికి ఇంజిన్ నిపుణుల చేత ప్రత్యేకంగా కట్టించుకున్నది. ఈ మూడింటినీ సమానం చేయడానికి నిర్వాహకులు ఒకదానికి బరువు చేర్చడం, మరొకదాని ఇంజిన్‌లోకి వెళ్లే గాలి తగ్గించడం చేస్తుంటారు. ప్రతి జనవరిలో మాకు అన్యాయం జరిగిందని మూడు వర్గాలూ అరుస్తాయి. ఆ అరుపులు వినకండి. ఏ రకం వాడిన ఇంజిన్లు అకస్మాత్తుగా ఎక్కువ సంఖ్యలో, తక్కువ ధరకు అమ్మకానికి వస్తున్నాయో చూడండి. సమాచారం ముందుగా తెలిసినవాడు ముందుగా అమ్ముతాడు. టైర్లకు రసాయనం పూసి మెత్తబరుస్తున్నారన్న ఆరోపణలు మాత్రం సీజన్‌తో సంబంధం లేకుండా ఏడాది పొడవునా ఉంటాయి. ఓడినవాడికి గెలిచినవాడి టైర్లు ఎప్పుడూ అనుమానాస్పదమే.

ట్రాకుల విషయంలో పుకారును తేలిగ్గా తీసుకోకండి. మూతపడుతుందన్న మాట ఏళ్ల తరబడి తిరిగి చివరకు నిజమైన సందర్భాలు చాలా ఉన్నాయి. సౌత్ కరోలినాలోని మర్టల్ బీచ్ ట్రాక్ 1958లో మొదలై 2020 ఆగస్టులో ముగిసింది. కాలిఫోర్నియాలోని అర్విండేల్ గురించి ఎన్నోసార్లు పుకారు వచ్చింది, ఎన్నోసార్లు తప్పింది. 2024 డిసెంబరులో తప్పలేదు. ఊరు పెరిగి ట్రాక్ గోడ దాకా వచ్చాక, శనివారం రాత్రి టికెట్ల డబ్బు ఆ నేల ధరతో పోటీ పడలేదు. మీ నగరం చుట్టుపక్కల పొలాలకు ఏమైందో చూసినవారు కనుక ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇలాంటి వార్త రేసింగ్ సైట్లలో కంటే ముందు, ఆ భూమిని వేరే అవసరానికి మార్చమని కౌంటీకి పెట్టుకున్న దరఖాస్తులో కనబడుతుంది. కౌంటీ సమావేశాల అజెండాలు ఎవరైనా చదవవచ్చు. చదివేవాళ్లే తక్కువ.

మంచి వార్తలు కూడా కాగితాల మీదే ముందు వస్తాయి. నార్త్ కరోలినాలోని నార్త్ విల్క్స్‌బరో ట్రాక్ ఉదాహరణ చూడండి. 1996లో చివరి కప్ రేసు తర్వాత దాని తేదీలు టెక్సస్‌కు, న్యూ హ్యాంప్‌షైర్‌కు వెళ్లిపోయాయి, ట్రాక్‌ను గడ్డి మింగేసింది. మళ్లీ తెరుస్తారట అన్న మాట రెండు దశాబ్దాలు తిరిగింది. 2019 డిసెంబరులో ఎర్న్‌హార్ట్ జూనియర్ కొందరిని వెంటబెట్టుకుని వెళ్లి కలుపు పీకించాడు. ఐరేసింగ్ కోసం ట్రాక్‌ను స్కాన్ చేయడానికి. అప్పుడది జ్ఞాపకాల పనిలాగే కనబడింది. అసలు వార్త 2021 నవంబరులో రాష్ట్ర బడ్జెట్‌లో ఉంది: కేంద్రం ఇచ్చిన కోవిడ్ సహాయ నిధుల నుంచి ఆ ట్రాక్‌కు 1.8 కోట్ల డాలర్లు. 2022 ఆగస్టులో లేట్ మోడళ్లు తిరిగాయి. ఎర్న్‌హార్ట్ కూడా నడిపి మూడో స్థానంలో వచ్చాడు, గెలిచింది కార్సన్ క్వాపిల్. 2023 మేలో నాస్కార్ ఆల్ స్టార్ రేసు అక్కడే జరిగింది. బోమన్ గ్రేలో కూడా ఇదే క్రమం. విన్‌స్టన్ సేలంలో ఫుట్‌బాల్ మైదానం చుట్టూ ఉన్న ఆ పావు మైలు ట్రాక్ నిర్వహణను నాస్కార్ 2024 తొలి నెలల్లో చేతుల్లోకి తీసుకుంది. అదే ఏడాది ఆగస్టులో, సీజన్ మొదలవకముందు జరిపే క్లాష్ అనే ప్రదర్శన రేసు అక్కడికి వస్తోందని ప్రకటించింది, 2025 ఫిబ్రవరిలో నిర్వహించింది. లీజు సంతకమైన రోజు దాన్ని పట్టించుకున్నవాళ్లకు ఆగస్టు ప్రకటన ఆశ్చర్యం కలిగించలేదు.

అలాగని అచ్చయిన ప్రతిదీ నమ్మమనడం లేదు. సీజన్ క్యాలెండరు సిద్ధమైనంత మాత్రాన రేసు జరుగుతుందని కాదు. ఈ మాట హైదరాబాదీలకు చెప్పనవసరం లేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ చూశారు, 2024 ఫిబ్రవరి 10న మళ్లీ ఉందని క్యాలెండరులో చదివారు, జనవరిలో రద్దయిందని విన్నారు. ఇక్కడి చిన్న ట్రాకుల క్యాలెండర్లు అంతకంటే బలహీనం. యజమాని మారితే సగం తేదీలు గాలిలో కలుస్తాయి.

నేను చూసిన చలికాలపు వార్తల్లో అన్నిటికంటే పెద్దది 2023 జనవరిలో వచ్చింది. కార్స్ టూర్‌ను నాస్కార్‌లో కార్లు నడిపిన ఎర్న్‌హార్ట్ జూనియర్, కెవిన్ హార్విక్, జెఫ్ బర్టన్, జస్టిన్ మార్క్స్ కలిసి కొన్నారు. అంతకుముందు దాన్ని జాక్ మెక్‌నెల్లీ నడిపేవారు. పెద్ద పేర్లు వచ్చాయి కనుక చిన్న జట్లు బతుకుతాయని కొందరు, ఖర్చు పెరిగి చస్తాయని కొందరు మా షెడ్డులో రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకున్నారు. నా అభిప్రాయం అడిగితే రెండూ జరిగాయి. చూసేవాళ్లు, బహుమతి డబ్బు పెరిగాయి. ముందు వరుసలో నిలవాలంటే కావలసిన ఖర్చు కూడా పెరిగింది. మా జట్టు ఆ సిరీస్‌కు ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే వెళుతుంది. మిగతా వారాలు దగ్గరి ట్రాకుల్లోనే.

మీ రెండో ప్రశ్నకు వస్తే, హికరీకి రండి. షార్లెట్ నుంచి కారులో గంట పైచిలుకు. 1951 నుంచి నడుస్తున్న ట్రాక్, చుట్టు పొడవు మైలులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. స్టాండ్స్‌లో ఎక్కడ కూర్చున్నా కార్లన్నీ కనబడతాయి. బయలుదేరే ముందు ఆ వారం రేసు ఉందో లేదో, వాన సూచన ఏమిటో చూసుకోండి. తడి ట్రాక్ మీద వీళ్లు నడపరు. టికెట్ కాకుండా పిట్ పాస్ కొనుక్కోండి. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని కార్ల మధ్యకు వదులుతారు, అడిగితే అందరూ మాట్లాడతారు. రేసు మొదలయ్యే వేళకు కాదు, మధ్యాహ్నం ప్రాక్టీసుకే చేరుకోండి, అప్పుడే వాళ్లకు తీరిక. మార్చి రాత్రులు చలిగా ఉంటాయి కాబట్టి మీ అక్కగారి దగ్గర మంచి జాకెట్ ఒకటి అడిగి తీసుకోండి. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు ఇంటి దగ్గరే కొనుక్కోండి, పిల్లలు వస్తుంటే వాళ్లకు చెవుల మీద పెట్టేవి మేలు.