బేనీషా మామిడి ఏడాది విడిచి ఏడాది పూస్తుంటే అది జన్యులోపమేనా?

చంద్రగిరి దగ్గర పన్నెండేళ్ల బేనీషా తోట, పోయినేడు విరగకాసింది, ఈసారి పూతే లేదు, అంటు మొక్కలో పూత జన్యువు లేదా అని ఒక రైతు అడిగారు. జన్యువు లేని చెట్టయితే పోయినేడూ పూసేది కాదు. ఉంది, ఈ ఏడు మేలుకోలేదు, అంతే.

పూతకు పిలుపు పంపే ఎఫ్‌టీ అనే జన్యువు పనిచేసేది ఆకులో. ముదురాకుకు చలిరాత్రులు తగిలితే, అంటే రాత్రి వేడి పద్దెనిమిది డిగ్రీల లోపు కొన్నాళ్లు నిలిస్తే, ఆకు ఒక ప్రోటీన్ తయారుచేస్తుంది. అది ఆహారరసంతో పాటు కొమ్మ కొసకు చేరి మొగ్గను పువ్వుగా మార్చే లీఫీ, ఏపీ1 జన్యువులను లేపుతుంది. అప్పుడు ఆకు రావాల్సిన మొగ్గ పూగుత్తి అవుతుంది. దీన్ని అణిచిపెట్టేది టీఎఫ్‌ఎల్1 అనే మరో జన్యువు. లేతచిగురులో ఎక్కువగా ఉండే జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోన్ కూడా పూతకు అడ్డే. 1995లో చలిదేశాల్లో పెరిగే ఆస్పెన్ చెట్టులో లీఫీని బలవంతంగా నడిపిస్తే, ఏళ్లు పట్టే పూత నెలల్లోనే వచ్చింది. కానీ అలా జన్యువు మార్చిన మామిడి మొక్క మన నర్సరీల్లో దొరకదు. ఉందని ఎవరైనా అమ్మితే కొనకండి.

కాయ మోసిన చెట్టు అలిసిపోయి చిగురు ఆలస్యంగా వేస్తుంది. అక్టోబరు చిగురు డిసెంబరు చలికి ఇంకా లేతే, ఆ ఆకు పూతకు పిలుపు పంపలేదు. డిసెంబరు మొదట్లో కొమ్మ కొస ఆకు అరచేతిలో నలిపి చూడండి. గలగలమని విరిగితే ముదిరినట్టు, మెత్తగా మడత పడితే ఈ ఏడు ఆ కొమ్మ మీద ఆశ వద్దు.

అందుకే పని జూన్‌లోనే మొదలవ్వాలి. కోత అవగానే పాత పూగుత్తి కాడతో పాటు కొసను జానెడు లోపు కత్తిరించి, ఎరువు వేసి, నీళ్లు పెట్టండి. జూలై, ఆగస్టుల్లో చిగురు వస్తే డిసెంబరుకు నాలుగైదు నెలల వయసుంటుంది. అక్టోబరు నుంచి పూమొగ్గ ఉబ్బేదాకా నీళ్లు ఆపేయాలి.

కల్టార్ అనే మందు (పాక్లోబ్యూట్రజాల్) జిబ్బరెల్లిన్ తయారీనే ఆపుతుంది. జూలై 15 నుంచి ఆగస్టు 15 లోపు, నేలలో పదునుండగా, చెట్టు గొడుగు అడ్డం మీటరుకు 3 మిల్లీలీటర్ల చొప్పున వేయాలి. ఆరు మీటర్ల చెట్టుకు 18 మిల్లీలీటర్లు పది లీటర్ల నీళ్లలో కలిపి, మొదలుకు మీటరు దూరంలో అరజానెడు లోతు గాడి తీసి పోయండి. పొడినేలలో పోస్తే వేరుకు అందదు. మోతాదు మించితే కణుపులు దగ్గరపడి పూగుత్తి పిడికెడై ముద్దకడుతుంది, మందు నేలలో ఏళ్లపాటు ఉంటుంది కాబట్టి వెంటనే సరిచేయలేరు. రెండో ఏడు సగం చాలు. బలహీనమైన చెట్టుకు వద్దే వద్దు.

డిసెంబరులో ఆకు ముదిరీ మొగ్గ కదలకపోతే లీటరుకు పది గ్రాముల పొటాషియం నైట్రేట్ పిచికారీ చేయండి. లేతాకు మీద కొడితే పూతకు బదులు మళ్లీ చిగురే వస్తుంది.