కోజుమెల్‌లో డైవింగ్‌కి షాపు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: డిసెంబర్ చివర్లో డల్లాస్ నుంచి మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్తున్నారు. మీకు ఈ మధ్యే ఓపెన్ వాటర్ (డైవింగ్‌లో మొదటి మెట్టు) సర్టిఫికేట్ వచ్చింది. మీ ఆవిడకు ఈత రాదు గానీ ఒక్కసారైనా నీళ్ళలోకి దిగి చూడాలని ఉంది. అక్కడ ఉన్న అన్ని డైవ్ షాపుల్లో దేన్ని నమ్మాలో తెలియడం లేదు. మేం చాలా ఏళ్ళుగా ఆ దీవికి వెళ్తున్నాం కాబట్టి తెలిసింది చెప్తాను. ఫలానా షాపుకే వెళ్ళండి అని మాత్రం చెప్పను. అక్కడ డైవ్ మాస్టర్లు, అంటే నీళ్ళలో వెంట ఉండి నడిపించేవాళ్ళు, షాపులు మారుతుంటారు, నిరుడు బ్రహ్మాండంగా ఉన్నది ఈ ఏడు అలాగే ఉంటుందన్న హామీ లేదు.

ముందు అక్కడి నీళ్ళ సంగతి తెలియాలి. కోజుమెల్‌లో డైవింగ్ అంటే దాదాపుగా డ్రిఫ్ట్ డైవింగే. దీవికి పడమటి వైపు పగడపు దిబ్బల వెంట ప్రవాహం సాధారణంగా దక్షిణం నుంచి ఉత్తరానికి లాగుతుంటుంది. బోటు లంగరు వేయదు. మిమ్మల్ని ఒకచోట దింపి, పైకి వచ్చే బుడగలు చూసుకుంటూ వెంట వస్తుంది, మీరు తేలిన చోట ఎక్కించుకుంటుంది. ఈదే పని తక్కువ, హాయిగా కొట్టుకుపోతూ చూడటమే. కానీ గుంపు నుంచి విడిపోతే వెనక్కి ఈదుకుంటూ రావడం కుదరదు. అందుకే అక్కడ షాపు భవనం, వెబ్‌సైట్ ఎంత బాగున్నాయన్నది నేను పట్టించుకోను. బోటు నడిపే కెప్టెన్ కన్ను, నీళ్ళలో మీతో ఉండే డైవ్ మాస్టర్ ఓపిక, ఈ రెండే చూస్తాను.

అవి ఇంట్లో కూర్చుని ఎలా తెలుస్తాయంటారా? బుకింగ్ కోసం మెయిల్ పెట్టినప్పుడు వాళ్ళు మిమ్మల్ని ఏం అడిగారో చూడండి. ఆఖరిసారి ఎప్పుడు డైవ్ చేశారు, ఇప్పటిదాకా ఎన్ని చేశారు, ప్రవాహంలో చేశారా, గాలి త్వరగా అయిపోతుందా, ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా అని అడిగే షాపు మిమ్మల్ని ఎవరితో కలిపి దించాలో ఆలోచిస్తోందని అర్థం. రేటు చెప్పి, కార్డు నంబరు అడిగి ఊరుకుంటే ఇంకో షాపు చూసుకోండి. నా లెక్కలో దీని ముందు రేటు తేడా అసలు విషయమే కాదు.

ఈ పట్టింపు నాకు ఊరికే రాలేదు. ఒకసారి మేం ఎక్కిన పెద్ద బోటులో అనుభవజ్ఞులనీ, కొత్తవాళ్ళనీ ఒకే డైవ్ మాస్టర్‌కి అప్పగించారు. కొత్తగా వచ్చిన ఒకాయన టెన్షన్‌తో గబగబా ఊపిరి పీల్చి డైవ్ సగం కాకముందే సిలిండర్ ఖాళీ చేసేశాడు. ఆయనతోపాటు అందరినీ పైకి తీసుకొచ్చేశారు. డైవ్ పోతే పోయింది, ఆ మనిషి ముఖం చూస్తే జాలేసింది. ఆయన్ని నెమ్మదిగా అలవాటు చేయించాల్సింది షాపువాళ్ళే కదా. ఆ తర్వాత నుంచి ఆరుగురికి మించి ఎక్కించుకోని చిన్న బోట్లవాళ్ళ దగ్గరికే వెళ్తున్నాం. ఒక డైవ్ మాస్టర్‌కి ఎంతమంది అని సూటిగా అడగండి. కొన్ని షాపులు మామూలు 80 ఘనపుటడుగుల గాలి పట్టే సిలిండర్‌కి బదులు 120ది ఇస్తాయి, గాలి ఎక్కువ వాడే కొత్తవాళ్ళకి అదొక ఊరట.

ఇంకో పరీక్ష ఉంది. దక్షిణం కొసన పుంటా సుర్ దగ్గర డెవిల్స్ త్రోట్ అనే సొరంగం ఉంది. దాని అవతలి కొస 130 అడుగుల లోతు దరిదాపుల్లో ఉంటుంది. ఓపెన్ వాటర్ సర్టిఫికేట్‌కి పరిమితి 60 అడుగులు. మీ కార్డు చూశాక కూడా "అక్కడికి తీసుకెళ్తాం, ఏం ఫర్వాలేదు" అనే షాపుకి దండం పెట్టి వచ్చేయండి. మీకు పలంకార్ గార్డెన్స్, యుకాబ్, పరాయిసో లాంటి చోట్లు చాలు. చాలు అంటే సరిపెట్టుకోమని కాదు, నిజంగా చాలా బాగుంటాయి. పరాయిసోలో మా డైవ్ మాస్టర్ ఒక పగడపు బండ కింద టార్చి వేసి వేలు చూపించాడు. ముందు ఏమీ కనపడలేదు. కళ్ళు అలవాటు పడ్డాక తెల్ల చారల చదునైన తల, గడ్డం కింద వేలాడే పీలికలు, చుట్టూ పసుపుపచ్చ అంచున్న రెక్కలు కనిపించాయి. స్ప్లెండిడ్ టోడ్‌ఫిష్ అనే చేప అది, కోజుమెల్ దానికి పేరుపడింది. కొందరు డైవ్ మాస్టర్లు దాన్ని పుల్లతో పొడిచి బయటికి రప్పిస్తారు. మావాడు టార్చి కూడా దాని కళ్ళలో పడకుండా పక్కకి వేశాడు. అలాంటివాడు మనిషినీ జాగ్రత్తగానే చూసుకుంటాడు. అన్నట్టు ఆ దిబ్బలు 1996 నుంచి జాతీయ పార్కు. గ్లౌజులు, కత్తులు నిషేధం, మామూలు సన్‌స్క్రీన్ కూడా రాసుకోనివ్వరు. ఎండ తగలకుండా పూర్తి చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) కొనుక్కుని వెళ్ళండి.

డిసెంబర్ అన్నారు కాబట్టి ఒక మాట. చలికాలంలో 'నోర్తే' అనే ఉత్తరపు గాలులు వస్తాయి. అప్పుడు రేవు అధికారులు చిన్న బోట్లని ఆపేస్తారు, ఎవరి చేతుల్లోనూ ఉండదు. రేవు మూసేస్తే డబ్బు పూర్తిగా వెనక్కిస్తారా అని ముందే అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోండి. డైవింగ్ రోజులు ట్రిప్ మొదట్లోనే పెట్టుకోండి. గాలి వల్ల ఒక రోజు పోయినా ఇంకోటి మిగులుతుంది. పైగా వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలి.

అద్దె సామాను సంగతి. లోతు, సమయం లెక్కగట్టే డైవ్ కంప్యూటర్ మీకంటూ ఒకటి ఇస్తారా, తేలినప్పుడు బోటుకి కనపడటానికి గాలి నింపే ఆ పొడవాటి రంగు గొట్టం ఇస్తారా అని అడగండి. బోటు మీద రెగ్యులేటర్ (సిలిండర్ గాలి నోటికి అందించేది) నోట్లో పెట్టుకుని నాలుగైదు సార్లు గట్టిగా పీలుస్తూ గాలి ఒత్తిడి చూపే గేజి చూడండి. ముల్లు కదలకూడదు. ఊగిందంటే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరవలేదన్నమాట, వెంటనే చెప్పండి. గాలి వాసన ఏమాత్రం తేడాగా ఉన్నా ఆ సిలిండర్ వద్దనండి. మొహమాటపడొద్దు.

మీ ఆవిడ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మొదటిసారే బోటులోంచి ప్రవాహంలోకి దించే షాపు వద్దు. ఒడ్డు నుంచే దిగే చోట, ఉదాహరణకి చంకనాబ్ పార్కు దగ్గర, ఆవిడ ఒక్కరికే ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని మాట్లాడుకోండి. ముందు నడుము లోతులో మాస్కులోకి నీళ్ళు వస్తే బయటికి ఎలా పంపాలో, నోటితో ఎలా ఊపిరి తీయాలో నేర్పాలి. "ఇక చాలు" అని ఆవిడ సైగ చేస్తే మారుమాట లేకుండా పైకి తేవాలి. మీరు పక్కన నిలబడి బలవంతపెట్టకండి. ఆస్తమా, బీపీ, గుండె సంబంధమైనవి ఏమున్నా ఆరోగ్య ఫారంలో దాచకుండా రాయండి, డాక్టర్ సంతకం కావాలంటే డల్లాస్‌లోనే తీసుకెళ్ళండి. అక్కడికి వెళ్ళాక దొరకబుచ్చుకోవడం తలనొప్పి.

మీ హోటల్ ఊరికి ఉత్తరానో దక్షిణానో చెప్పండి. దక్షిణం వైపు అయితే చాలా షాపుల బోట్లు హోటల్ రేవుకే వచ్చి ఎక్కించుకుంటాయి, పొద్దున్నే టాక్సీ వెతుక్కునే పని తప్పుతుంది.