టెక్ సందేహాలు: కుండీలో కాసిన మిరప పేరు ఫోన్ చెబుతుందా?

ప్రశ్న: మిర్యాలగూడలో మా మిద్దె మీద కుండీలో ఎవరూ విత్తనం వేయకుండానే ఒక మిరప మొక్క మొలిచింది. కాయలు పొట్టిగా, ముడతలు పడి లాంతరు ఆకారంలో ఉన్నాయి. పండితే నారింజ రంగుకు వస్తున్నాయి. గూగుల్ లెన్స్ ‘హాబనేరో’ అంది. ప్లాంట్‌నెట్ ‘క్యాప్సికం యాన్యూమ్’ అంది. డబ్బులు కట్టి వేసుకున్న ఇంకో యాప్ రోజుకో పేరు చెబుతోంది. కూరల్లో వేసే క్యాప్సికం ఇట్లా ఉండదు కదా? అమ్మ వీటితో తొక్కు నూరుతానంటోంది. ఏ యాప్‌ను నమ్మాలి?

జవాబు: ముందు తొక్కు సంగతి. మొక్క ఏదో తేలేదాకా ఆ కాయలు రోట్లో పడకుండా చూడండి. గుంటూరు సన్నం కారం స్కోవిల్ కొలతలో సుమారు 35 వేల నుంచి 40 వేలు. హాబనేరోది లక్ష నుంచి మూడున్నర లక్షలు. ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా 10 లక్షలు దాటుతుంది. అమ్మగారు అలవాటు కొద్దీ గుప్పెడు కాయలు వేసేస్తే నోరు ఒక్కటే కాదు, నూరిన చేతులు మండుతాయి, ఆ చేయి తగిలిన కన్ను ఇంకా మండుతుంది.

ఇక క్యాప్సికం గొడవ. శాస్త్రంలో ఆ పేరు మిరప వంశం మొత్తానిది. మన కూరగాయల అంగడిలో మాత్రం అది బెంగళూరు మిర్చికి స్థిరపడిపోయింది, అందుకే ఈ తికమక. ఆ బుంగ మిర్చి, గుంటూరు సన్నం, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా, ఇవన్నీ క్యాప్సికం యాన్యూమ్ అనే ఒకే జాతి. కాబట్టి ప్లాంట్‌నెట్ చెప్పింది మీ మొక్క ఇంటిపేరు మాత్రమే. అదీ సరైనదేనా అన్నది మీరే చూడాలి. మీరు చెప్పిన కాయ పోలికను బట్టి నాకు అనుమానంగానే ఉంది.

లెన్స్ చేసే పని వేరు. మీరు తీసిన ఫొటోకు ఇంటర్నెట్‌లో ఉన్న ఏ బొమ్మలు దగ్గరగా ఉన్నాయో వెతికి, వాటి కింద రాసి ఉన్న పేరును మీ ముందు పెడుతుంది. ముడతల కాయ, నారింజ రంగు అనగానే హాబనేరో బొమ్మలే కుప్పలుగా దొరుకుతాయి. మిరపలో కాయ ఆకారాన్ని నమ్మి జాతిని తేల్చడం కష్టం. తేల్చేది పువ్వు. మనమేమో పువ్వును వదిలేసి ఎర్రగా మెరిసే కాయనే ఫొటో తీస్తాం. కల్వకుర్తిలో మా అత్తమ్మ పెరట్లో నేనూ అదే తప్పు చేశాను. ఒకే చెట్టు కాయకు మూడు పొద్దుల్లో మూడు పేర్లొచ్చాయి. నాలుగో రోజు పువ్వును కింది నుంచి తీసి పెట్టాక గానీ జవాబు నిలకడగా రాలేదు.

మీరు ఇలా చేయండి. పొద్దున పువ్వు విచ్చుకున్నాక వెనక తెల్ల కాగితం పట్టండి. ఫోన్‌ను మరీ దగ్గరికి తీసుకుపోతే ఫోకస్ అందదు, జానెడు దూరంలో ఉంచి రెండింతలు జూమ్ చేయండి. పువ్వు ముఖం, పువ్వులు పుట్టే కణుపు, కాయ తొడిమ, ఆకు, ఇలా నాలుగు ఫొటోలు తీయండి. ప్లాంట్‌నెట్‌లో ఒకే మొక్కవి అన్నీ కలిపి పెట్టి, ఏది పువ్వో ఏది కాయో గుర్తు పెట్టవచ్చు. పక్కన కనిపించే అంకె పోలిక ఎంత ఉందో చెబుతుంది, అంతేగాని అది తుది తీర్పు కాదు.

ఆ ఫొటోలనే మీరూ పెద్దవి చేసి చూడండి. కణుపుకు ఒకే పువ్వు, అదీ తెల్లగా ఉంటే చాలావరకు యాన్యూమ్. ఒక్క కణుపు నుంచే రెండు మూడు పువ్వులు వేలాడుతూ, రేకులు కాస్త ఆకుపచ్చ కలిసిన తెలుపైతే, తొడిమ కాడతో కలిసేచోట ఉంగరం తొడిగినట్టు నొక్కు కనిపిస్తే అది చైనెన్స్. హాబనేరో ఆ జాతిదే, భూత్ జొలోకియాకూ ఆ జాతే మూలం. రేకుల మొదట్లో పసుపు మచ్చలుంటే బక్కాటమ్. ఊదా పువ్వు, నల్ల గింజలు పుబెసెన్స్‌కు గుర్తు, కానీ అది చల్లని కొండల మొక్క, మన నల్లగొండ ఎండల్లో దాన్ని ఆశించలేం. చైనెన్స్ అన్న పేరు చూసి చైనా మిరప అనుకోకండి. 1776లో జాక్విన్ అనే వృక్షశాస్త్రవేత్త పొరబడి పెట్టిన పేరది, పుట్టిల్లు అమెరికా ఖండమే.

జాతి తేలినా కారం తేలదు. చైనెన్స్‌లోనే దాదాపు కారం లేని మిరపలూ ఉన్నాయి.

రకం పేరు మాత్రం ఏ యాప్ నుంచీ ఆశించకండి. మీ మొక్క తానుగా మొలిచింది. వంటింటి చెత్త ఎరువులోంచి వచ్చిందో, పిట్ట రెట్టలోంచి వచ్చిందో (పిట్టలకు మిరప మంట తెలియదు, అందుకే విత్తనం మోస్తాయి). హైబ్రిడ్ కాయ గింజ నుంచి మొలిచిన మొక్క తల్లిని పోలదు. పైగా మిరపలో తేనెటీగల వల్ల రకాలు కలిసిపోతుంటాయి. అలాంటి మొక్కకు అసలు పేరే ఉండకపోవచ్చు. అయినా పేరు పెట్టి చెప్పే యాప్‌ను నేను నమ్మను. పువ్వు, కాయ ఉన్న కొమ్మ ఒకటి తుంచుకుని కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి, మీకు దూరమేమీ కాదు. మహబూబ్‌నగర్ వైపు వాళ్లకైతే పాలెం ఉంది.

రుచి చూడాలనిపిస్తే చేతికి గ్లౌజు వేసుకుని, కాయ కొసన గోరంత ముక్క కోసి నాలుకకు తాకించండి. లోపలి తెల్ల పొర జోలికి పోవద్దు, మంటంతా అక్కడే ఉంటుంది. పక్కన పెరుగు పెట్టుకోండి, ఆ మంటకు నీళ్లు పనిచేయవు.

ప్రశ్న: మొక్కలు గుర్తుపట్టే యాప్ ఉచితమని వేసుకుని, వారానికే తీసేశాను. అయినా ఖాతాలోంచి డబ్బులు పోతున్నాయి. (వనపర్తి)

జవాబు: యాప్ తీసేస్తే చందా ఆగదు. ప్లే స్టోర్‌లో పైన మీ ఫొటో నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి అక్కడ రద్దు చేయండి. తర్వాత మీ యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా కూడా తెరిచి చూడండి, అక్కడ అనుమతి మిగిలి ఉంటే దాన్నీ తీసేయండి.