ఫ్యాన్ రెగ్యులేటరు ఎందుకు వేడెక్కుతుంది?

ప్రశ్న: మా ఇంట్లో పాతకాలపు పెద్ద ఫ్యాన్ రెగ్యులేటరు ఉంది. ఐదో నంబరులో చల్లగా ఉండే ఆ డబ్బా, ఒకటిలో పెట్టగానే బాగా వేడెక్కుతోంది. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే ఎందుకిలా? స్పీడు తగ్గిస్తే కరెంటు ఆదా అవుతుందా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ఆ డబ్బాలో పింగాణీ దిమ్మకు చుట్టిన సన్నని మిశ్రలోహపు తీగ ఉంటుంది. అదే రెసిస్టరు, పాఠ్యపుస్తకాల్లో నిరోధకం అంటారు. ఐదో నంబరులో కరెంటు తీగను తప్పించుకుని నేరుగా ఫ్యాన్‌కు వెళుతుంది. ఒకటిలో తీగ మొత్తం దాటి వెళ్ళాలి.

రెసిస్టరు కరెంటును మింగేస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ ఒక కొస నుంచి ఎంత కరెంటు లోపలికి వెళితే రెండో కొస నుంచి అంతే బయటికి వస్తుంది. తగ్గేది వోల్టేజీ. తీగలో కదిలే ఎలక్ట్రాన్లు లోహపు పరమాణువుల కంపనాలకు తగిలి తమ శక్తిని పోగొట్టుకుంటాయి, ఆ శక్తే వేడిగా మారుతుంది. ఉదాహరణకు తీగ నిరోధం 300 ఓమ్‌లు, కరెంటు 0.2 ఆంపియర్లు అనుకుందాం. జార్జ్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ప్రకారం ఈ రెండింటినీ గుణిస్తే తీగ కొసల మధ్య 60 వోల్టులు వస్తాయి; దాన్ని మళ్ళీ 0.2తో గుణిస్తే 12 వాట్లు, అంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఇచ్చే వేడిలో దాదాపు సగం. (ఫ్యాన్ మోటారులో ఉన్నది తీగచుట్ట కాబట్టి ఇంటికొచ్చే 230 వోల్టుల్లోంచి 60 తీసేసినంత మాత్రాన మోటారుకు అందే వోల్టేజీ తేలదు.)

ఆదా సంగతికొస్తే, స్పీడు తగ్గించినప్పుడు మొత్తం కరెంటు కొంత తగ్గుతుంది కనుక అసలు ఆదా ఉండదనడం సరికాదు, అయితే అప్పుడు ఖర్చయ్యే విద్యుత్ శక్తిలో చెప్పుకోదగ్గ భాగం ఇలా వేడి రూపంలో వృథా అవుతుంది.

కొత్త రెగ్యులేటర్లలో ఆ తీగ స్థానంలో కెపాసిటర్లు ఉంటాయి. అవి శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తాయి కాబట్టి అంతగా వేడెక్కవు. వాటిలోనూ కెపాసిటరు రెండు కొసలను కలుపుతూ వడ్లగింజంత రెసిస్టరు ఒకటి ఉంటుంది. దానిపై ఎరుపు, ఎరుపు, పసుపు పట్టీలుంటే విలువ 2,20,000 ఓమ్‌లు. స్విచ్ ఆపాక కెపాసిటరులో మిగిలిన ఛార్జీని ఖాళీ చేయడమే దాని పని. అది కాలిపోతే, స్విచ్ ఆపిన తరువాత కూడా లోపలి భాగాలను ముట్టుకున్నవారికి షాక్ తగలవచ్చు.